పని చేసే కుళాయి కూడా ఒక మందే

పిల్లలకు గజ్జి, విరేచనాలు, కంటి జబ్బులు మళ్లీ మళ్లీ వస్తుంటే "తల్లికి శుభ్రత తెలియదు" అనేయడం తేలిక. ఆ ఇంట్లో స్నానానికి నీళ్లు వస్తున్నాయా? ముందు అడగవలసిన ప్రశ్న ఇది. ఆస్ట్రేలియా ఆదివాసుల పల్లెల్లో ఈ ప్రశ్న వేసిన వారి అనుభవం నర్సులమైన మనమందరం తెలుసుకోదగ్గది.

దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రంలో వాయవ్య మూలన ఉన్న ఎడారిలో అనంగు ప్రజలు నివసిస్తున్నారు. అక్కడ ఆదివాసులే నడిపే ఆరోగ్య సంస్థ ఙనంప హెల్త్ కౌన్సిల్. 1980లలో దాని డైరెక్టర్ యామి లెస్టర్ ఒక పని అప్పగించారు: చికిత్స చేయడం ఒక్కటే చాలదు, జనం జబ్బు పడకుండా చూడాలి. డాక్టరు పాల్ టోర్జిల్లో, ఇళ్ల నిర్మాణ నిపుణుడు పాల్ ఫోలెరోస్, పర్యావరణ ఆరోగ్య నిపుణుడు స్టీఫన్ రైనో ఆ పని చేపట్టారు. 1987లో వెలువడిన నివేదిక ఆరోగ్యానికి తొమ్మిది అలవాట్లు చెప్పింది. మొదటిది పసిపిల్లలకు రోజూ స్నానం. రెండవది బట్టలు, పక్కలు ఉతకడం. మూడవది మురుగునీరు సరిగా బయటికి పోవడం.

ఇవన్నీ మనం చెప్పే పాఠాలే. అయితే వారు పాఠం చెప్పి ఊరుకోలేదు. ఇంటింటికీ వెళ్లి షవరు, కుళాయి, మరుగుదొడ్డి, కరెంటు పరీక్షించారు. చూసిన రోజే రిపేరు మొదలుపెట్టారు. స్థానికులకే ఆ పని నేర్పించారు. చెడిపోయిన వాటిలో మూడింట రెండు వంతులు నిత్య మరమ్మత్తు లేక చెడినవే. మరికొన్ని మొదటే నాసిగా కట్టినవి. ఇంట్లోవాళ్లు పాడుచేసినవి పదో వంతు కూడా లేవు! తప్పు తల్లిది కాదని దీనితో తేలింది.

న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ఇదే పద్ధతిని పదేళ్లు నడిపి 2010లో ఫలితాలు ప్రకటించారు. బాగుచేసిన ఇళ్లవారిలో అంటువ్యాధులతో ఆసుపత్రిలో చేరేవారు, బాగుచేయని పల్లెల ఆదివాసులతో పోలిస్తే 40 శాతం తక్కువ.

ఎడారి నీటిలోని సున్నం పేరుకుంటే కుళాయిలు, వేడినీటి హీటర్లు త్వరగా మూసుకుపోతాయి. మేస్త్రీ రావాలంటే వందల కిలోమీటర్లు ప్రయాణం చేయాలి. అందుకే ఆ నేలకు, ఆ నీటికి తట్టుకునేది, ఊరివారే బాగుచేసుకోగలిగేది తగిన సాంకేతికత అనిపించుకుంటుంది. ఆలిస్ స్ప్రింగ్స్‌లో 1980లో మొదలైన సెంటర్ ఫర్ అప్రోప్రియేట్ టెక్నాలజీ ఆశయమూ ఇదే.

ఇళ్లు చూడటానికి వెళ్లే ఆరోగ్య కార్యకర్తలకు మా మనవి: బిడ్డ చర్మం చూశాక కుళాయి కూడా తిప్పి చూడండి. నీళ్లు రాకపోతే ఎవరు బాగుచేస్తారో కనుక్కుని రాసుకోండి. మందుచీటీ ఎంత ముఖ్యమో ఆ చీటీ కూడా అంతే ముఖ్యం.