పెన్‌డ్రైవ్‌లో పురుగు

మన హాస్టల్ స్టడీ హాలు పక్క గదిలో ఒక కంప్యూటర్ ఉండేది. పూర్వ విద్యార్థులు తలా కొంత వేసుకుని కొనిచ్చిన కంప్యూటర్ అది. నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా ఆ గదికి నాలుగు నెలలు తాళం పడింది. "వైరస్ వచ్చింది. ఎవరూ ముట్టుకోరాదు" అని తలుపు మీద కాగితం అంటించారు. ఎవరి వల్ల వచ్చిందో ఎవరికీ తెలియలేదు. నాకు తెలుసు. నా పెన్‌డ్రైవ్ వల్ల వచ్చింది.

వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు ముందు ఈ మాట చెప్పాలనిపించింది. తప్పు ఒప్పుకోవడానికి రెండు వాక్యాలు చాలు. కానీ అది ఎలా వచ్చింది, ఎలా పాకింది, ఎలా పోతుంది అన్నది తెలిస్తే మీకు పనికొస్తుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ రోజు జరిగింది

ప్రాజెక్టు రికార్డు ప్రింటు తీసుకోవడానికి ఊళ్ళో ఒక నెట్ సెంటర్‌కు వెళ్ళాను. రాత్రి వచ్చి అదే పెన్‌డ్రైవ్ మన కంప్యూటర్‌కు పెట్టాను. ఫోల్డర్ల బొమ్మల మీద ఎడమవైపు కింద చిన్న బాణం గుర్తు కనిపించింది. నొక్కితే ఫోల్డర్ మామూలుగానే తెరుచుకుంది. సరేలే అనుకున్నాను.

వారం తిరిగేసరికి ఆ కంప్యూటర్‌కు పెట్టిన ప్రతి పెన్‌డ్రైవ్‌కూ అదే గతి పట్టింది. ఆ పెన్‌డ్రైవ్‌లను కాలేజీలో పెడితే ఖాళీగా కనిపించేవి. ఇంటర్ చదివే ఒక తమ్ముడు కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు, మార్కుల జాబితాలు స్కాన్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాడు. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు గడువు దగ్గర పడింది. "అన్నీ పోయాయి, ఫార్మాట్ చెయ్యి" అని ఎవరో అన్నారు. చేసేశాడు. అసలు కాగితాలు ఊళ్ళో ఉన్నాయి. వాళ్ళమ్మ ఒక రోజు కూలి మానుకుని వాటిని పట్టుకొచ్చింది.

నేను నోరు విప్పలేదు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. "చెడగొట్టావు, డబ్బు కట్టు" అంటే నాన్న ఎక్కడి నుంచి తెస్తాడన్న భయం. ఎం.సి.ఎ.లో చేరాక అసలు సంగతి తెలిసింది. ఆ తమ్ముడి ఫైళ్ళు ఎక్కడికీ పోలేదు. ఫార్మాట్ చేసే క్షణం దాకా ఆ పెన్‌డ్రైవ్‌లోనే ఉన్నాయి.

వైరస్ వేరు, వార్మ్ వేరు

కంప్యూటర్‌కు ఏ జబ్బు వచ్చినా మనం వైరస్ అనేస్తాం. నిజానికి వైరస్ అనేది మరో ఫైలును అంటిపెట్టుకుని ఉండే ప్రోగ్రామ్. ఆ ఫైలును తెరిస్తేనే అది పని చేస్తుంది. వార్మ్ అంటే పురుగు. దానికి మరో ఫైలు ఆసరా అక్కర్లేదు. అది సొంతంగా నడిచే ప్రోగ్రామ్. తన నకలు తానే తీసుకుని ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు పాకుతుంది.

ఇంటర్‌నెట్‌లో అందరి దృష్టికీ వచ్చిన తొలి పెద్ద పురుగు 1988 నవంబరు 2న బయటపడింది. దాన్ని రాసినవాడు అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మోరిస్. అప్పటికి అతనికి 22 ఏళ్ళు. ఒక కంప్యూటర్‌లో తన నకలు ఇప్పటికే ఉంటే మళ్ళీ చేరకుండా ఆ పురుగు ముందు అడిగి చూసేది. అయితే ఎవరైనా "ఉంది" అని అబద్ధపు జవాబు ఇప్పించి దాన్ని ఆపుతారేమోనని, ఏడు సార్లలో ఒకసారి జవాబు ఏదైనా చేరిపొమ్మని మోరిస్ రాశాడు. అక్కడే లెక్క తప్పింది. ఒక్కో కంప్యూటర్‌లో నకళ్ళు కుప్పలుగా పేరుకుని యంత్రాలు కదలకుండా ఆగిపోయాయి. అప్పటి ఇంటర్‌నెట్‌లో సుమారు 60,000 కంప్యూటర్లు ఉంటే 6,000 దాకా దీని బారిన పడ్డాయని అంచనా.

మోరిస్ భయపడి, దాన్ని ఆపే ఉపాయాన్ని ఒక మిత్రుడి ద్వారా, తన పేరు లేకుండా పంపించాడు. కానీ అప్పటికే నెట్‌వర్క్ కిక్కిరిసిపోయి ఆ సందేశం సమయానికి చేరలేదు. కోర్టు అతనికి మూడేళ్ళ ప్రొబేషన్, 400 గంటల సమాజ సేవ, 10,050 డాలర్ల జరిమానా విధించింది.

పురుగు వచ్చే మూడు దారులు

2008 నవంబరులో బయటపడిన కాన్‌ఫికర్ అనే పురుగును చూస్తే ఈ దారులన్నీ అర్థమవుతాయి.

మొదటిది, విండోస్‌లోని లోపం. ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ 2008 అక్టోబరు 23నే విడుదల చేసింది. అది వేసుకోని కంప్యూటర్లలోకి, ఎవరూ ఏదీ నొక్కకుండానే, నెట్‌వర్క్ ద్వారా కాన్‌ఫికర్ చొరబడింది.

రెండోది, బలహీనమైన పాస్‌వర్డ్. ఒకే నెట్‌వర్క్‌లోని ఇతర కంప్యూటర్లపై అది తేలికపాటి పాస్‌వర్డ్‌లను ఒక్కొక్కటిగా ప్రయత్నించేది. 12345 అని పెట్టుకున్నవాడి తలుపు తెరిచి ఉన్నట్టే లెక్క.

మూడోది, పెన్‌డ్రైవ్. ఆ రోజుల్లో పెన్‌డ్రైవ్ పెట్టగానే అందులోని ఆటోరన్ ఫైలును విండోస్ చదివి ఒక జాబితా చూపేది. కాన్‌ఫికర్ అందులో "ఫైళ్ళు చూడటానికి ఫోల్డర్ తెరవండి" అన్న మాటను, పసుపు ఫోల్డర్ బొమ్మతో సహా దొంగగా చేర్చేది. ఫోల్డర్ అనుకుని నొక్కితే పురుగు నడిచేది. పైగా యాంటీవైరస్ సంస్థల వెబ్‌సైట్లు తెరుచుకోకుండా అడ్డుకునేది.

ప్యాచ్ వచ్చినా వేసుకోకపోతే ఏమవుతుందో 2017లో మరోసారి చూశాం. మార్చి 14న ప్యాచ్ విడుదలైంది. మే 12న వాన్నాక్రై విరుచుకుపడి సుమారు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లకూ అది సోకింది. దాని వేగానికి కళ్ళెం వేసినవాడు బ్రిటన్‌కు చెందిన మార్కస్ హచిన్స్. ఆ పురుగు ఒక వెబ్ చిరునామా కోసం వెతుకుతోందని గమనించి, ఆ చిరునామాను తానే రిజిస్టర్ చేశాడు. అతనికీ అప్పుడు 22 ఏళ్ళే.

బాణం గుర్తు వెనక ఏముంది?

2011లో పాత విండోస్‌లలో కూడా పెన్‌డ్రైవ్‌లకు ఆటోరన్ పని చేయకుండా మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ ఇచ్చింది. పురుగులు రాసేవాళ్ళు షార్ట్‌కట్ దారి పట్టారు. మన హాస్టల్‌కు వచ్చింది ఈ రకమే. ఇది చేసే పని ఇలా ఉంటుంది.

పెన్‌డ్రైవ్‌లోని మీ ఫోల్డర్లకు "దాచినది", "సిస్టమ్‌ది" అనే రెండు గుర్తులు తగిలిస్తుంది. విండోస్ వాటిని మనకు చూపించడం మానేస్తుంది. కొన్ని రకాలైతే ఫైళ్ళన్నిటినీ పేరు లేని ఒక దాచిన ఫోల్డర్‌లోకి తోసేస్తాయి. తర్వాత అవే పేర్లతో, అదే ఫోల్డర్ బొమ్మతో షార్ట్‌కట్లు పెడుతుంది. మనం నొక్కగానే ముందు పురుగు నడుస్తుంది, వెంటనే అసలు ఫోల్డరూ తెరుచుకుంటుంది. అందుకే అనుమానం రాదు. ఈలోగా అది కంప్యూటర్‌లో తన నకలు దాచుకుని, విండోస్ మొదలైన ప్రతిసారీ తానూ మొదలయ్యేలా రాసుకుంటుంది. ఆ తర్వాత పెట్టిన ప్రతి పెన్‌డ్రైవ్‌కూ ఎక్కుతుంది. యాంటీవైరస్ ఉన్న చోట పెడితే అది దొంగ షార్ట్‌కట్లను తీసేస్తుంది. దాచిన ఫోల్డర్లు మాత్రం దాచినట్టే ఉంటాయి. పెన్‌డ్రైవ్ ఖాళీగా కనిపించేది అందుకే.

ఇది పాతకాలపు సంగతి అనుకోకండి. 2021లో గుర్తించిన రాస్ప్‌బెర్రీ రాబిన్ అనే పురుగు కూడా పెన్‌డ్రైవ్ షార్ట్‌కట్ ద్వారానే పాకింది.

తొలగించే పద్ధతి

నల్లులు పట్టిన గదిలో ఒక్క మంచం ఎండలో వేస్తే లాభం లేదని మనకు తెలుసు. ఇదీ అంతే. పెన్‌డ్రైవ్‌ను శుభ్రం చేసి, పురుగున్న కంప్యూటర్‌కే మళ్ళీ పెడితే నిమిషంలో తిరిగి ఎక్కుతుంది. కాబట్టి ముందు కంప్యూటర్, తర్వాత పెన్‌డ్రైవ్.

1. పెన్‌డ్రైవ్ తీసేయండి. నెట్ కేబుల్, వైఫై తొలగించండి. ఆ కంప్యూటర్ వాడేవాళ్ళందరికీ చెప్పండి.

2. ఫార్మాట్ చేయకండి. బాణం గుర్తున్న ఫోల్డర్లను నొక్కకండి.

3. విండోస్ 10 లేదా 11 అయితే విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్‌కు వెళ్ళి డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. కంప్యూటర్ మళ్ళీ మొదలై, పురుగు మేలుకోక ముందే వెతుకుతుంది. సుమారు పావుగంట పడుతుంది. తర్వాత ఫుల్ స్కాన్ కూడా చేయండి.

4. టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ జాబితా చూడండి. తెలియని పేరు కనిపిస్తే తెలిసినవాళ్ళను అడిగి ఆపండి.

5. కంప్యూటర్ శుభ్రమయ్యాక పెన్‌డ్రైవ్ పెట్టి, తెరవకుండా, దాన్ని స్కాన్ చేయండి.

6. ఫోల్డర్ ఆప్షన్స్‌లో దాచిన ఫైళ్ళు చూపమని ఎంచుకోండి. సిస్టమ్ ఫైళ్ళను దాచమనే టిక్ తీసేయండి. మీ ఫోల్డర్లు మసకగా కనిపిస్తాయి. మీ పత్రాలను మాత్రం కాపీ చేసుకుని షార్ట్‌కట్లను తుడిచేయండి.

7. ఆ మసక పోవాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో అట్రిబ్ అనే ఆదేశం ఉంది. అట్రిబ్ తర్వాత మైనస్ హెచ్, మైనస్ ఎస్, మైనస్ ఆర్, ఆపైన పెన్‌డ్రైవ్ అక్షరం, కోలన్, బ్యాక్‌స్లాష్, నక్షత్రం గుర్తు, చివర స్లాష్ ఎస్, స్లాష్ డి. అక్షరం నుంచి నక్షత్రం దాకా కలిపి కొట్టాలి. మిగతా వాటి మధ్య ఖాళీ వదలాలి.

కాలేజీ ల్యాబ్‌లో లినక్స్ కంప్యూటర్ ఉంటే ఇంకా సులువు. విండోస్ కోసం రాసిన ఈ పురుగు అక్కడ మామూలుగా నడవదు, దాచిన ఫోల్డర్లు మామూలుగానే కనిపిస్తాయి. తొందరపడి ఫార్మాట్ చేసేసినా ఆశ వదులుకోకండి. కొత్తగా ఏదీ ఎక్కించకుండా పక్కన పెడితే, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఫైళ్ళు తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది.

మళ్ళీ రాకుండా

విండోస్ అప్‌డేట్లను ఆపకండి. విండోస్ 7కు 2020 జనవరిలో, విండోస్ 10కు 2025 అక్టోబరులో మామూలు ఉచిత భద్రతా అప్‌డేట్లు ముగిశాయని గుర్తుంచుకోండి. ప్రింటుకు వెళ్ళేటప్పుడు అవసరమైన ఒక్క ఫైలే ఉన్న వేరే పెన్‌డ్రైవ్ తీసుకెళ్ళండి. సర్టిఫికెట్లు ఒకే చోట ఉంచకండి. మీ మెయిల్‌కు మీరే పంపుకున్నా రెండో నకలు ఉన్నట్టే. ఫోల్డర్ మీద బాణం గుర్తు కనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోండి.

ఒకసారి సెలవుల్లో ఆ తమ్ముణ్ణి కలిసి జరిగింది చెప్పాను. కోప్పడలేదు. "అప్పుడే చెప్పుంటే ఫార్మాట్ చేసేవాణ్ణి కాదు కదన్నా" అన్నాడు. నిజమే. మొదటి రోజే చెప్పి ఉంటే ఒక్క కంప్యూటర్, ఒక్క పెన్‌డ్రైవ్‌తో పోయేది. తెలియక తెచ్చినది ఒక వంతైతే, తెలిశాక దాచి పెంచింది తొమ్మిది వంతులు.

తమ్ముళ్ళూ, కంప్యూటర్‌లో తేడా కనిపిస్తే ఆ పూటే వార్డెన్ సార్‌కో, సీనియర్లకో చెప్పండి. అన్నలకు ఒక మనవి. అలా వచ్చి చెప్పినవాణ్ణి "ఎవడు పెట్టాడు?" అని ముందు అడగకండి. "ఇంకా ఎవరెవరి పెన్‌డ్రైవ్‌లు పెట్టారు?" అని అడగండి. పురుగును పట్టుకోవడానికి పనికొచ్చే ప్రశ్న అదే.