యాస ఇంగ్లీషు: చెవి ముందా, నోరు ముందా?

ఆ మధ్య ఆత్మకూరు బస్టాండులో నా పాత విద్యార్థి కలిశాడు. అమెరికా కంపెనీ వారెవరో ఫోనులో ఇంటర్వ్యూ చేశారట. చదువు ఎప్పుడు ముగిసిందని అడిగితే, మనవాడు ధీమాగా "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2022" అన్నాడు. అవతలి ఆసామి ఫక్కున నవ్వాడట! ఆ మాటకు మన దగ్గర డిగ్రీ పుచ్చుకోవడమని అర్థం. అమెరికాలో స్పృహ తప్పి పడిపోవడమని.

"అయితే నాకు ఇంగ్లీషు రానట్టేనా సార్?" అన్నాడు, మొగం చిన్నబుచ్చుకుని.

రాకేం నాయనా! ఊరు మారితే మాట మారింది, అంతే. మన పాలమూరు పల్లెల్లో "బిడ్డా" అంటే ముద్దు. జగడంలో "చూస్తా బిడ్డా" అంటే బెదిరింపు. ఈ తేడా ఏ నిఘంటువు చూసి నేర్చుకున్నాం? విని నేర్చుకున్నాం.

ఇంగ్లీషు వాడుక మాటలన్నీ ఒక్క గాటన కట్టకూడదు. "గొన్నా", "వొన్నా" అన్నవి "గోయింగ్ టు", "వాంట్ టు" నోట్లో నలిగి పుట్టినవి. చదువుకున్నవారూ అంటారు. వింటే తెలియాలి, ఉద్యోగపు దరఖాస్తులో మాత్రం రాయకూడదు. కుర్రకారు యాస మాటల సంగతి వేరు. వాటి ఆయుర్దాయం చెప్పలేం. 1839లో బోస్టన్ పత్రిక ఒకటి వేళాకోళానికి అచ్చువేసిన "ఓకే" లోకమంతా పాకింది. దానితోపాటు పుట్టిన పొడిమాటలు చాలావరకు మట్టిగొట్టుకుపోయాయి.

ఇక సినిమాల్లో విని పట్టుకొనే తిట్లు మరీ ప్రమాదం. 1914లో లండన్‌లో బెర్నార్డ్ షా నాటకం "పిగ్మాలియన్" ఆడినప్పుడు, కథానాయిక "బ్లడీ" అన్నందుకు ఊరంతా గగ్గోలు పుట్టింది. పూలమ్ముకునే ఆ పిల్లకు దొరసాని ఉచ్చారణ అబ్బింది గాని, ఏ మాట ఎక్కడ అనాలో ఇంకా అబ్బలేదు!

అందుచేత విద్యార్థులకు నేను చెప్పేది ఒక్కటే. కొత్త మాట వినబడగానే నోట వేసుకోకండి. ఎవరన్నారు, ఎవరితో అన్నారు, నవ్వుతూనా, కోపంతోనా - ఈ మూడూ పుస్తకంలో రాసుకోండి. పది నోళ్ల విన్నాక, ముందు స్నేహితుల దగ్గర వాడి చూడండి. పెద్దల దగ్గర, పై అధికారుల దగ్గర తిన్నని మాటే శ్రేయస్కరం. అర్థం కాకపోతే అడగండి. అడగడం నామోషీ కాదు.

మా వాడికి "గ్రాడ్యుయేటెడ్" అనమని చెప్పి బస్సెక్కించాను. కిటికీలోంచి తల బయటపెట్టి "ఓకే సార్!" అన్నాడు. ఆ మాటకు ఏ ఊళ్లోనూ భయం లేదు.