12.4 ఇంటి దగ్గర పడవ ఇంజనును మంచినీటితో కడగడం

మన తీరంలో ఫైబరు పడవలకు వెనుక బిగించే ఔట్‌బోర్డు ఇంజనును మీరు చూసే ఉంటారు. దీనికి కారుకు ఉన్నట్లు రేడియేటరు ఉండదు. అడుగుభాగంలోని రబ్బరు రెక్కల పంపు సముద్రపు నీటినే పైకి తోడి ఇంజనును చల్లబరుస్తుంది. ఆ నీరు ఆరితే ఉప్పు లోపలి దారుల్లో పేరుకొని వాటిని మూసివేస్తుంది, లోహాన్ని తినివేస్తుంది. అందుకే వేట నుంచి రాగానే మంచినీటితో కడగాలి.

కడిగే విధానం:

1. ఇంజనును ఆరుబయట నిటారుగా బిగించండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం. ఫ్యాను విప్పి పక్కన పెట్టండి.
2. నీరు లోపలికి పోయే రంధ్రాలపై రెండువైపులా రబ్బరు కప్పులు అమర్చి, వాటికి నీళ్ళ పైపు తగిలించండి.
3. ముందు కుళాయి తిప్పండి. తరువాతే న్యూట్రల్‌లో ఇంజను స్టార్టు చేయండి.
4. ఇంజను పక్క నుంచి సన్నని నీటిధార రావాలి. రాకపోతే వెంటనే ఇంజను ఆపండి.
5. పది నిమిషాలు తక్కువ వేగంతో నడపండి. ముందు ఇంజను ఆపి, తరువాత కుళాయి కట్టండి.

ఈ వరుస ఎందుకు మారకూడదు? రబ్బరు రెక్కలకు నీరే కందెన. నీరు లేకుండా తిరిగితే అవి నిమిషంలోపే మాడి చెడిపోవచ్చు. ఆ నష్టం ఇంటి దగ్గర కనిపించదు. నడిసముద్రంలో ఇంజను వేడెక్కి ఆగినప్పుడే తెలుస్తుంది.

పాఠ్యగత ప్రశ్న: కుళాయి కంటే ముందు ఇంజనును ఎందుకు ఆపాలి?