బిళ్ళ వేస్తే బరువు అచ్చేసిన మిషను

పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే అడుగున ఒక్కోసారి రైలు టికెట్టంత అట్టముక్క దొరుకుతుంది. ఒకవైపు సినిమా తార బొమ్మ, రెండోవైపు రెండు ముక్కల జోస్యం, పక్కన ఒక అంకె. ఊరి పేరు ఉండదు, చార్జీ ఉండదు. అది ప్రయాణం టికెట్టు కాదు, ప్లాట్‌ఫారం మీది బరువు మిషను ఇచ్చిన చీటీ. నిజాం రైలు 1886లో సికింద్రాబాద్ నుంచి వరంగల్ దాకా వచ్చింది. ఆ దారిలోని స్టేషన్ ఘన్‌పూర్ వంటి ఊళ్ల ఇళ్లలో ఇలాంటి చీటీ బయటపడితే పారేయకండి.

దాని వెనక మూడు ఆవిష్కరణలున్నాయి. మొదటిది నాణెంతో తెరుచుకునే ఏర్పాటు. దాదాపు 2,000 ఏళ్ల కిందట అలెగ్జాండ్రియాలో హీరో అనే పండితుడు గుడిలో తీర్థం పోసే పెట్టెను వర్ణించాడు. వేసిన నాణెం మీట చివర పడితే మూత లేస్తుంది, నాణెం జారిపోగానే మూసుకుంటుంది. రెండోది అట్ట టికెట్టు. 1830ల చివర ఇంగ్లండులో థామస్ ఎడ్మండ్‌సన్ అనే స్టేషన్ మాస్టరు చేతిరాత చీటీలకు బదులుగా వరుస నంబర్లతో అచ్చయిన అట్ట టికెట్లు తెచ్చాడు. మూడోది, 1880లలో పెర్సివల్ ఎవరిట్ పేటెంటు తీసుకున్న నాణేల తూకం మిషను. మొదట్లో ముల్లు తిరిగి బరువు చూపేది, చీటీ తర్వాత వచ్చి చేరింది.

మన స్టేషన్లలో రంగు దీపాలు వెలిగి, గుండ్రటి బిళ్ళ గిర్రున తిరిగే మిషను గుర్తుంది కదా! బల్లమీద నిలబడితే మన బరువు లోపలి మీటలను కదిలిస్తుంది. దానికి తగ్గట్టు అంకెల చక్రం తిరుగుతుంది. ఊగిసలాట ఆగాక నాణెం వేస్తే గడియ ఊడి, ఆ అంకె చీటీమీద పడుతుంది. దొంతరలోంచి ఆ చీటీ బయటికి జారుతుంది.

చీటీని పోల్చుకోవడానికి కీలకం ఇక్కడే ఉంది: ఒకే అట్టమీద రెండు ముద్రణలు. బొమ్మ, జోస్యం ముందే ప్రెస్సులో అచ్చయినవి. అంకె మాత్రం మనిషి నిలబడ్డ క్షణంలో పడింది. భూతద్దంతో చూస్తే బొమ్మ సన్నని చుక్కలుగా విడిపోతుంది. అంకె సిరా వేరుగా ఉంటుంది. ఒక్కోసారి వరుస తప్పి ఓ పక్కకు ఒరిగి ఉంటుంది.

తేదీ లేకపోయినా కాలం కట్టొచ్చు. పౌండ్లలో బరువుంటే చీటీ పాతది కావచ్చు. మెట్రిక్ తూనికలు 1958 అక్టోబరు నుంచి విడతలవారీగా అమలయ్యాయి. నాణెం పేరుంటే ఇంకా మేలు. నయాపైసలు 1957 ఏప్రిల్‌లో మొదలయ్యాయి, 1964 జూన్ నుంచి వాటి పేరులో 'నయా' పోయింది. పావలా 2011 జూన్ చివర చెల్లకుండా పోయింది.

1938లో సిమన్స్, రూజ్ అనే ఇద్దరు విడివిడిగా కనిపెట్టిన స్ట్రెయిన్ గేజ్ (బరువుకు లోహం సాగే సాగును విద్యుత్తుతో కొలిచే తీగ) తూకాన్ని మీటల నుంచి విద్యుత్తుకు మార్చింది. చవకైన ఎలక్ట్రానిక్ కాటాలు ఇళ్లకొచ్చాక స్టేషన్ మిషన్లకు గిరాకీ తగ్గింది.

దాంతో ఈ చీటీలూ తగ్గిపోయాయి. అందుకే దొరికిన చీటీకి లామినేషన్ చేయించకండి, గమ్ము పూయకండి. చెమ్మ తగలని కాగితపు కవరులో ఉంచండి. ఎవరిది, ఏ స్టేషన్‌లో తీసుకున్నదో ఇంట్లో పెద్దలను అడిగి వేరే కాగితంమీద రాసిపెట్టండి. అట్ట చెప్పలేని ఆ సంగతి వాళ్లకే తెలుసు.