ఇంట్లో తొమ్మిది మంది పిల్లలు, ఒక ఎర్ర తువ్వాలు: ఒంటిపూట బడుల మధ్యాహ్నాలు ఎవరు చూసుకోవాలి?

(ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడింది చదువుకోవడానికి వీలుగా ఇక్కడ పెడుతున్నాం.)

 

మార్చి వచ్చేసింది. వేపచెట్టు పూతకొచ్చింది, మామిడికి పిందెలు దిగాయి. ఉగాది పచ్చడికి కావాల్సిన కొత్త చింతపండు, కొత్త బెల్లం కూడా ఇంటికొచ్చేశాయి. వసంతం అంటే కోయిల కూత, కొత్త చిగుళ్ళు అని చిన్నప్పుడు చదువుకున్నాం కదా. ఇంటినిండా పిల్లలున్నవాళ్ళని అడగండి, వాళ్ళు ఇంకో మాట చెప్తారు. ఒంటిపూట బడులు!

మన దగ్గర సాధారణంగా మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు మొదలవుతాయి. పొద్దున ఎనిమిదింటికి వెళ్ళిన పిల్లలు 12:30కి బయటపడతారు. ఏప్రిల్ చివర్లో సెలవులు ఇచ్చేదాకా ఇదే వరస. అంటే ఎండ బాగా ముదిరే టైమ్‌కి పిల్లలంతా ఇంట్లోనే. 12:30 నుంచి 5 గంటల దాకా వాళ్ళు ఎవరి చేతిలో ఉంటారు? ఈరోజు మాట్లాడుకునేది ఇదే.

మా ఇంటి సంగతి

మాది ఖమ్మం దగ్గర పల్లె. ఉమ్మడి కుటుంబం. నాన్న, ఇద్దరు బాబాయిలు, అందరం ఒకే ఇంట్లో. నా తర్వాత పిల్లలు తొమ్మిది మంది. పెద్దపిల్లకి 12 ఏళ్ళు, చిన్నోడికి 2 ఏళ్ళు. నేను డిగ్రీ చదువుతున్నా.

మా వైపు మార్చి అంటే మిర్చి సీజన్. పెద్దవాళ్ళంతా చేలో లేకపోతే కల్లంలో ఉంటారు. ఎర్రటి కాయ ఎండబోసి, తిరగేసి, తాలు కాయ ఏరి, బస్తాలకెత్తి, మార్కెట్‌కి తీసుకెళ్ళే హడావుడి అది. పిల్లలు ఇంట్లో ఎక్కువసేపు ఉండే నెలా, పెద్దవాళ్ళు ఇంట్లో తక్కువసేపు ఉండే నెలా ఒకటే అయి కూర్చుంది. ఇంట్లో మిగిలేది నానమ్మ, చంటిపిల్లలున్న చిన్న పిన్ని, కాలేజీ లేకపోతే నేను.

పోయిన ఏడాది ఉగాది రోజు మాత్రం అందరూ ఇంట్లోనే ఉన్నారు. పెద్దవాళ్ళు ఏడుగురు. పొద్దున ఇల్లు కడగడానికి సగానికి కోసిన నీలం డ్రమ్ములో నీళ్ళు పట్టారు. కడగడం అయ్యాక కూడా అందులో అడుగున జానెడు నీళ్ళు మిగిలాయి. ఎవరూ పారబోయలేదు. అమ్మ, పిన్నులు వంటింట్లో ఉన్నారు. నాన్నవాళ్ళు పంచాంగ శ్రవణానికని గుడికి బయల్దేరుతున్నారు. నేను అరుగు మీద కూర్చుని ఫోన్ చూస్తున్నా. డ్రమ్ముకీ నాకూ మధ్య పది అడుగులు కూడా లేదు.

మా ఆరేళ్ళ చిట్టి వచ్చి నా చొక్కా లాగింది. "అన్నా, చిన్నోడి కాళ్ళు పైకున్నాయి" అంది. నాకు అర్థం కాలేదు. తిరిగి చూస్తే వాడు డ్రమ్ములో తలకిందులుగా ఉన్నాడు. ఒక్క చప్పుడు లేదు. ఏడుపు లేదు, నీళ్ళు కొట్టుకోవడం లేదు.

ఎత్తాం. దగ్గాడు, కక్కుకున్నాడు, తర్వాత గట్టిగా ఏడ్చాడు. ఆ ఏడుపు విన్నాక అమ్మ అక్కడే కూలబడిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్ళాం, రోజంతా ఉంచుకుని పంపించారు. ఇప్పుడు బాగానే ఉన్నాడు, అల్లరికి హద్దు లేదు. కానీ ఆ రాత్రి మా ఇంట్లో అందరూ ఒకే మాట అన్నారు. "నువ్వు చూస్తున్నావనుకున్నా."

అందరూ ఉంటే ఎవరూ చూడరా?

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 1968లో అమెరికాలో జాన్ డార్లీ, బిబ్ లతానే అనే ఇద్దరు సైకాలజీవాళ్ళు ఒక ప్రయోగం చేశారు. విద్యార్థుల్ని వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి మైకుల్లో మాట్లాడుకోమన్నారు. మధ్యలో ఒకరికి ఫిట్స్ వచ్చినట్టు వినిపించారు. తానొక్కడే వింటున్నా అనుకున్నవాళ్ళలో 85 శాతం మంది, ఆ ఫిట్స్ ఆగేలోపే లేచి వెళ్ళి చెప్పారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారని అనుకున్నవాళ్ళలో 31 శాతమే లేచారు.

వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. పది మంది ఉన్నచోట బాధ్యత పది ముక్కలవుతుంది. ఒక్కో ముక్క ఎంత చిన్నదంటే, అది మన చేతిలో ఉందన్న సంగతే మనకి తెలియదు. ఉమ్మడి కుటుంబంలో పిల్లలు "అందరి పిల్లలు" అని గొప్పగా చెప్పుకుంటాం. ప్రేమ పంచడానికి ఆ మాట బాగుంటుంది. కాపలాకి పనికిరాదు.

నీళ్ళు చప్పుడు చేయవు

సినిమాల్లో మునిగేవాళ్ళు చేతులు ఊపుతారు, కేకలేస్తారు. నిజంగా మునిగే పిల్లలు చాలాసార్లు అరవలేరు. ఊపిరే అందనప్పుడు గొంతు ఎక్కడ లేస్తుంది? రెండేళ్ళ పిల్లలకి తల బరువెక్కువ. బకెట్‌లోకి వంగితే మళ్ళీ లేవలేరు. జానెడు నీళ్ళు చాలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతా కలిపి సుమారు 3 లక్షల మంది నీళ్ళలో మునిగి చనిపోయారు. అందులో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ళలోపు పిల్లలే.

బంగ్లాదేశ్ పల్లెల్లో ఇలాంటి చావులు ఎక్కువగా పొద్దున, అమ్మ పనిలో ఉన్న టైమ్‌లో జరుగుతున్నాయని గమనించారు. ఆ కొన్ని గంటలు చిన్నపిల్లల్ని ఒకచోట ఉంచి చూసుకునేలా ఊళ్ళలో శిశు కేంద్రాలు పెట్టారు. వాటిని "ఆంచల్" అంటారు, అంటే కొంగు. పెద్ద యంత్రాలేం లేవు. ఫలానా టైమ్‌లో ఫలానా మనిషి చూస్తుంది, అంతే. మరణాలు బాగా తగ్గాయి.

మా ఎర్ర తువ్వాలు

ఉగాది మర్నాడు నానమ్మ తీర్పు చెప్పింది. గూట్లో ఉన్న ఎర్ర తువ్వాలు తీసి, "ఇది ఎవరి భుజాన ఉంటే పిల్లలు వాళ్ళ బాధ్యత" అంది. అప్పటి నుంచి మా ఇంట్లో ఇవీ రూల్స్:

1. తువ్వాలు ఉన్న మనిషి ఒక్కరే. "మేమిద్దరం చూస్తాం" అంటే కుదరదు.
2. మార్చుకునేటప్పుడు తలలు లెక్కపెట్టాలి. ఇచ్చేవాళ్ళు "తొమ్మిది మంది, ఇచ్చేశా" అనాలి. తీసుకునేవాళ్ళు తామే లెక్కపెట్టుకుని "తొమ్మిది మంది, తీసుకున్నా" అనాలి. బాత్రూమ్‌కి వెళ్ళినా ఇదే.
3. తువ్వాలు భుజాన ఉంటే ఫోన్ చేతిలో ఉండకూడదు. ఫోన్‌లో 45 నిమిషాలకి టైమర్ పెట్టి గూట్లో పెట్టాలి. మోగితే డ్యూటీ మారుతుంది.
4. తువ్వాలు పెద్దవాళ్ళకే. పదిహేనేళ్ళలోపు వాళ్ళకి ఇవ్వకూడదు.

ఈ నాలుగో రూల్ గురించి ఒక్క మాట. తువ్వాలు రాకముందు మా ఇంట్లో అసలు కాపలా ఎవరో తెలుసా? 12 ఏళ్ళ మా పెద్దపిల్ల. స్కూల్ నుంచి రాగానే ఎవరో ఒకరు చిన్నోణ్ణి దాని చంకలో పెట్టేసేవాళ్ళు. దానికంటే ఏడాదే చిన్న అయిన తమ్ముడు మాత్రం బ్యాట్ పట్టుకుని వెళ్ళిపోయేవాడు. ఉగాది రోజు చిన్నోడు పడ్డాక కూడా మొదటి తిట్లు దానికే పడ్డాయి. "నువ్వెక్కడ చచ్చావే?" అని. అరుగు మీద కూర్చున్న నన్ను ఎవరూ అనలేదు. ఆ సంగతి నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఇప్పుడు తువ్వాలు బాబాయి కూడా వేసుకుంటాడు, నేనూ వేసుకుంటా. అది మధ్యాహ్నం పూట బొమ్మలు గీసుకుంటోంది.

తువ్వాలు వేసుకున్నవాళ్ళు చూడాల్సినవి

డ్యూటీ ఎక్కగానే ఒక రౌండ్ కొట్టండి. బకెట్లు, డ్రమ్ములు బోర్లించి ఉన్నాయా? సంపు మూత వేసి, పైన పిల్లలు కదపలేని బరువు ఉందా? ఇంటి ముందు కారు ఉంటే లాక్ చేసి ఉందా? దాగుడుమూతల్లో పిల్లలు కారెక్కి కూర్చుంటారు. ఎండలో మూసిన కారు లోపల పది నిమిషాల్లోనే దాదాపు 10 డిగ్రీల వేడి పెరుగుతుంది.

ఎండ టైమ్‌లో పిల్లలు దాహమని అడగరు, ఆటలో మర్చిపోతారు. మనమే పిలిచి తాగించాలి. మంచినీళ్ళు, పల్చటి మజ్జిగ ఇవ్వొచ్చు. ఆరు నెలలలోపు చంటిపిల్లలకి తల్లిపాలే చాలు, ఎండాకాలమైనా నీళ్ళు పట్టకూడదు.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్. లీటరు ప్యాకెట్ అయితే మొత్తం పొడి లీటరు శుభ్రమైన నీళ్ళలో ఒకేసారి కలపాలి. గ్లాసుకి కొంచెం కొంచెం వేసుకుంటే పాళ్ళు తప్పుతాయి. కలిపింది 24 గంటల్లో వాడేయాలి. విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ళలోపు వాళ్ళకి 50 నుంచి 100 మి.లీ., పైవాళ్ళకి 100 నుంచి 200 మి.లీ. కొంచెం కొంచెంగా పట్టాలి. తీపి డ్రింకుల్ని ఓఆర్ఎస్ పేరుతో అమ్మడం మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. కాబట్టి కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉందో లేదో చూసుకోండి.

పిల్లలు మత్తుగా పడి ఉన్నా, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోయినా, చాలాసేపు మూత్రం పోయకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఒళ్ళు కాలిపోతూ తికమకగా మాట్లాడుతుంటే నీడకి తెచ్చి, ఒళ్ళంతా తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయొద్దు.

నీళ్ళలో పడిన పిల్లల్ని బయటికి తీశాక తలకిందులుగా పట్టుకుని ఊపొద్దు, పొట్ట నొక్కొద్దు. ఊపిరి లేకపోతే వెంటనే నోటితో ఊపిరి ఇస్తూ సీపీఆర్ చేయాలి. ఇది వీడియో చూస్తే వచ్చేది కాదు, మీ దగ్గర్లో శిక్షణ ఎక్కడ దొరికినా వెళ్ళి నేర్చుకోండి. చెరువులోనో బావిలోనో ఎవరైనా పడితే, ఈత రాకుండా మీరు దూకొద్దు. తాడు, చీర, కర్ర, ఏది దొరికితే అది అందించండి.

చివరిగా

ఇప్పుడు మీరు ఇది ఫోన్‌లోనే చదువుతున్నారు. తల ఎత్తి ఒకసారి చూడండి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే, ఈ నిమిషంలో వాళ్ళని చూస్తున్నది ఎవరు? పేరు చెప్పగలిగితే సరే. "ఎవరో ఒకరు ఉంటారులే" అనిపిస్తే, ఫోన్ పక్కన పెట్టి లేవండి, తలలు లెక్కపెట్టండి.

తువ్వాలు ఎర్రగానే ఉండక్కర్లేదు. మెడలో టోపీ తాడైనా, చేతికి దారమైనా పర్లేదు. ఇవాళ రాత్రి భోజనాల దగ్గర ఈ మాట ఎత్తండి, రేపు మధ్యాహ్నం నుంచే మొదలుపెట్టండి. మీ ఫ్యామిలీ గ్రూప్‌లో ఇది పెట్టండి, ముఖ్యంగా బాబాయిలకీ మామయ్యలకీ.

ఉగాది శుభాకాంక్షలు అందరికీ. డ్రమ్ములు బోర్లించడం మర్చిపోకండి. వచ్చే వారం కలుద్దాం, ఉంటాను మరి.