మత్తు డాక్టరుకు చెప్పవలసిన మాట

వెంకటాచలం నుంచి ఆపరేషన్ కోసం నెల్లూరు బయలుదేరుతున్నారనుకోండి. పాత చీటీలు, ఎక్స్‌రేలు సర్దుకుంటారు. వాటితోపాటు ఇంట్లో పెద్దవాళ్ళను ఒక ప్రశ్న అడిగి వెళ్ళండి: "మనవాళ్ళలో ఎవరికైనా ఆపరేషన్ తరువాత మత్తు దిగక, గంటల తరబడి మిషను మీద ఊపిరి ఆడించవలసి వచ్చిందా?"

ఎందుకంటారా? పూర్తి మత్తు ఇచ్చేటప్పుడు గొంతులోకి గొట్టం వేయడానికి కండరాలను సడలించే మందు ఇస్తారు. వాటిలో సక్సినైల్‌కోలిన్ ఒకటి. మామూలుగా 5-10 నిమిషాల్లో దాని పని అయిపోతుంది. రక్తంలో ఉండే సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైము దాన్ని విరగ్గొడుతుంది. కొందరికి పుట్టుకతోనే ఈ ఎంజైము లోపిస్తుంది. వారిలో ఆ నిమిషాలు గంటలవుతాయి. ఊపిరి తీసే కండరాలూ కదలవు. రోజువారీ జీవితంలో ఈ లోపం ఏ బాధా పెట్టదు కనుక, ఉన్నట్టు ముందుగా తెలియదు.

తెలుగువారిలో వైశ్యులకు ఇది ఎక్కువ. కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయ పరిశోధకులు విదేశీ శాస్త్రజ్ఞులతో కలిసి, వారిలో కనిపించే జన్యుమార్పును 2006లో వివరించారు. హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు పాల్గొన్న 2017 నాటి అధ్యయనం మూలకారణం చెప్పింది. ఏనాటివో కొద్దిమంది పూర్వీకుల జన్యువులు, తమలో తాము పెళ్ళిళ్ళు చేసుకోవడం వల్ల, తరతరాలుగా నిలిచిపోయాయి. అలాగని వైశ్యులందరికీ ఈ లోపం ఉండదు; ఇతరులకు రాకా పోదు. మత్తు డాక్టరు "మీరు వైశ్యులా?" అని అడిగితే నొచ్చుకోకండి. అడిగేది ఇందుకే.

భయపడవలసిన పని లేదు. మిషను మీద ఊపిరి అందిస్తూ కనిపెట్టుకుని ఉంటే మందు ప్రభావం దానంతటదే దిగుతుంది. ముందే తెలిస్తే, ఈ ఎంజైముతో నిమిత్తం లేని రోకురోనియం వంటి మందు వాడతారు. అనుమానముంటే రక్తపరీక్ష ఉంది. పురుగుమందు తాగినవారికి చేయించేదీ ఈ పరీక్షే.

లోపం ఉన్నట్టు తేలితే డాక్టరు చేత ఒక కార్డు మీద రాయించి ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి. ప్రమాదం జరిగి స్పృహలేనప్పుడు మీ తరఫున చెప్పేది అదే. తల్లిదండ్రులిద్దరి నుంచీ సంక్రమిస్తేనే ఇది తీవ్రంగా ఉంటుంది. కాబట్టి మీ తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ కనీసం నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది. వాళ్ళనూ పరీక్ష చేయించుకోమనండి. ఇంటిగుట్టని దాచుకోవలసిన సంగతి కాదిది.