బీరువాలో తుపాకికి ఏ నూనె?

సినిమాలో హీరో తుపాకి తుడవడం మొదలుపెట్టాడంటే విలన్‌కి మూడినట్టే. 1971లో కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’తో తెలుగుతెరకు కౌబాయ్‌ని తెచ్చాక ఇలాంటి సీన్లకు కరువే లేదు. తెర మీద అది బావుంటుంది. అది చూసి నేర్చుకున్న విద్య మాత్రం ఇంట్లో బీరువాలో ఉన్న అసలు తుపాకికి పనికిరాదు. జూబ్లీహిల్స్‌లో నిర్మాతలు, వ్యాపారులు, నాయకుల ఇళ్లలో ఉండే లైసెన్సు తుపాకులకు పేలే అవసరమే రాదు, రాకూడదు కూడా. ఏళ్ల తరబడి అవి పడుకునే ఉంటాయి. రోజూ కాల్చే తుపాకికి రాపిడి శత్రువు, పడుకున్న తుపాకికి తుప్పు శత్రువు. నూనె ఎంచుకోవడంలో జరిగే తప్పులు చాలావరకు ఈ తేడా పట్టించుకోకపోవడం వల్ల వచ్చేవే.

అపోహ: శుభ్రం చేస్తుండగా తుపాకి దానంతటదే పేలుతుంది.

పేపర్లో ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా తప్పంతా తుపాకి మీదే పడుతుంది. తూటా లేని తుపాకి పేలదు. పిస్టల్‌లోంచి మ్యాగజైన్ తీసేయగానే ఖాళీ అయిపోయిందనుకుంటారు, ఛాంబర్‌లో ఒక తూటా మిగిలే ఉంటుంది. మ్యాగజైన్ తీశాక స్లయిడ్ వెనక్కి లాగి, ఛాంబర్‌లోకి కళ్లతో చూడాలి, చిటికెనవేలితో తడిమి కూడా చూడాలి. తూటాలన్నీ పక్కగదిలో పెట్టి రావాలి. నూనె సీసా మూత తీసేది ఆ తర్వాతే.

అపోహ: డబ్ల్యూడీ-40 కొడితే చాలు, ఇంకేం అక్కర్లేదు.

తలుపు కిర్రుమన్నా, తాళం బిగుసుకున్నా చేతికి దొరికేది ఆ నీలం డబ్బాయే. అది 1953లో అమెరికాలోని శాండియాగోలో రాకెట్ కెమికల్ కంపెనీ తయారు చేసిన సరుకు. తేమను తరిమే మందు కోసం చేసిన నలభయ్యో ప్రయత్నం ఫలించింది కాబట్టి పేరులో 40 చేరింది. అట్లాస్ క్షిపణి పైతొడుగు తుప్పు పట్టకుండా వాడారు. తేమను తరమడంలో దానికి వంక పెట్టలేం. వానలో తడిసిన తుపాకి మీద ముందు అదే కొట్టి తుడవొచ్చు. అయితే అందులో ఎక్కువ భాగం ఆవిరైపోయే ద్రావకం, వెనక మిగిలేది పలచని పొర. జూన్‌లో కొట్టి దసరా దాకా నిశ్చింతగా ఉందామంటే కుదరదు. తుడిచాక పైన గన్ ఆయిల్ పట్టించాల్సిందే.

అపోహ: ఇంట్లో ఉన్న ఏ నూనె అయినా నూనే.

కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది. డిసెంబరులో హైదరాబాద్ రాత్రుళ్లకు బాత్రూంలో సీసా ఏమవుతుందో అందరికీ తెలుసు, ట్రిగ్గర్ లోపల కూడా అదే అవుతుంది. నువ్వుల నూనె, వేరుశనగ నూనెల తీరు వేరు. గాలి తగిలేకొద్దీ అవి చిక్కబడి బంకలా పట్టేస్తాయి. కుట్టుమిషన్ నూనెను మాత్రం నేను వెనకేసుకొస్తాను. పలచని మినరల్ ఆయిల్ కాబట్టి కీలుకి ఒక చుక్క వేస్తే తప్పులేదు. కాకపోతే తుప్పును ఆపే రసాయనాలు అందులో తక్కువ, కాబట్టి వానాకాలం మొత్తానికి దాన్నే నమ్ముకోవద్దు. కిరోసిన్ మురికిని కరిగిస్తుంది గానీ లోహాన్ని కాపాడదు. పైగా మంట భయం. కారులోంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్‌ని దగ్గరికే రానివ్వకండి, అందులో ఆమ్లాలు, లోహపు పొడి ఉంటాయి.

కడగడం, జారేలా చేయడం, తుప్పు నుంచి కాపాడటం మూడు వేర్వేరు పనులు. మూడూ ఒకే సీసాలో చేస్తామని సీఎల్‌పీ పేరుతో నూనెలు వస్తున్నాయి. పోటీల్లో కాల్చేవాళ్లు వాటితో తృప్తిపడరు. బీరువా తుపాకికి మాత్రం మంచి సీఎల్‌పీ ఒక్కటి చాలు. నికెల్ పూత ఉన్న తుపాకికి అమ్మోనియా కలిసిన బ్యారెల్ ద్రావకాలు వాడకండి, పూత లేచిపోవచ్చు.

అపోహ: ఎంత నూనె పోస్తే అంత మంచిది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. మన ప్రభుత్వ కర్మాగారాలు చేసే .32 రివాల్వర్‌ని చూడండి. పాత వెబ్లీ నమూనాలో మధ్యకు విరిచి తెరిచే రకం అది. విరిచే కీలు దగ్గర ఒక చుక్క, సుత్తి తిరిగేచోట ఒక చుక్క, తూటాలను బయటికి నెట్టే కడ్డీకి ఒక చుక్క వేస్తే సరిపోతుంది. ఆరు గదులనూ మాత్రం పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. అక్కడ తడి మిగిలితే నూనె తూటా అడుగునున్న ప్రైమర్‌లోకి దిగి, తూటా చెడిపోయే ప్రమాదం ఉంది. ఫైరింగ్ పిన్ దారిలో నూనె నిలిస్తే మసి, దుమ్ము చేరి ముద్దకడతాయి, దెబ్బ సరిగా పడదు. పాత డబుల్ బ్యారెల్ తుపాకిని నూనె ఓడేలా తుడిచి నిలబెడితే అదంతా కిందికి జారి చెక్కలోకి ఇంకి, చెక్కను మెత్తబరుస్తుంది. అందుకే అనుభవజ్ఞులు గొట్టం మూతి కిందికి పెట్టి నిలబెడతారు.

ఎన్‌సీసీలో రైఫిల్ పట్టినవాళ్లకు ‘చిందీ’ గుర్తుండే ఉంటుంది. పుల్‌త్రూ తాడుకి తగిలించి గొట్టంలోంచి లాగే ఫ్లానెల్ ముక్క అది. పొడిగా తుడవడానికి 4 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు ఉన్న ముక్క. నూనె రాయడానికి 4 అంగుళాల పొడవు, ఒకటిన్నర అంగుళాల వెడల్పు ఉన్న ముక్క. ఎక్కడ ఎంత నూనె వాడాలో బ్రిటిష్ కాలపు సైన్యం అంగుళాల్లో లెక్కకట్టింది.

అపోహ: నీళ్లు తగిలితే తుపాకి పని అయిపోయినట్టే.

ఆ సైన్యమే .303 రైఫిల్ గొట్టంలో మరిగే నీళ్లు పోయించింది! అప్పటి తూటాల ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉండేది. కాల్చాక గొట్టంలో పొటాషియం క్లోరైడ్ మిగిలేది, అంటే ఉప్పు. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. నూనె మాత్రమే రాస్తే ఆ ఉప్పు పొర కింద కూర్చుని తేమను పీల్చుకుంటూ గొట్టాన్ని తినేసేది. అందుకే మరిగే నీళ్లతో కడిగి, వేడి మీదే పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు నూనె పట్టించేవారు. ఇప్పటి తూటాల్లో ఎక్కువ వాటికి ఆ బెడద లేదు. నల్ల తుపాకిమందుతో (బ్లాక్ పౌడర్‌తో) పేలే పాత తుపాకులకు మాత్రం నేటికీ అదే వైద్యం.

అపోహ: తోలు ఒరలో భద్రంగా ఉంటుంది.

తోలు తేమను పట్టి ఉంచుతుంది, తోలు ఊనడానికి వాడిన రసాయనాలు ఉక్కును కొరుకుతాయి. ఒర నడుముకే, బీరువాకి కాదు. నూనె గుడ్డతో పైపైన తుడిచి, సిలికా జెల్ పొట్లాలతో పొడిచోట పెట్టండి. తుడిచాక వేలిముద్రలు పడనివ్వకండి, చెమటలోనూ ఉప్పే ఉంది.

అపోహ: సినిమా తుపాకికి మెయింటెనెన్స్ ఎందుకు?

1993 మార్చి 31న అమెరికాలో ‘ది క్రో’ సినిమా షూటింగ్‌లో నటుడు బ్రాండన్ లీ చనిపోయింది సినిమా తుపాకితోనే. అంతకుముందు షాట్‌లో వాడిన డమ్మీ తూటా మొన ఊడి గొట్టంలో ఇరుక్కుంది, ఎవరూ లోపలికి చూడలేదు. తర్వాత పేల్చిన బ్లాంక్ దాన్ని బయటికి తోసింది. గొట్టంలోంచి ఒక్క కడ్డీ పోనిచ్చినా తెలిసిపోయేది. ఇక గ్యాస్‌తో పనిచేసే నమూనా తుపాకుల్లో రబ్బరు సీళ్లు ఉంటాయి. వాటికి సిలికాన్ ఆయిలే సరి, మామూలు గన్ ఆయిల్ తగిలితే కొన్నిరకాల రబ్బరు ఉబ్బిపోతుంది.

షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచాక మన పిల్లల చేతుల్లోకి ఎయిర్ రైఫిళ్లు బాగా వచ్చాయి. స్ప్రింగ్‌తో పనిచేసే ఎయిర్ రైఫిల్ గాలిగదిలో మామూలు నూనె వేస్తే, గాలి నొక్కుకుని పుట్టే వేడికి అది డీజిల్ ఇంజన్‌లోలా అంటుకుంటుంది. గుండు వేగం అదుపు తప్పుతుంది, సీళ్లు మాడతాయి. తయారీదారు చెప్పిన నూనె తప్ప మరేదీ వేయొద్దు.

ఎన్నికల కోడ్ వస్తే చాలామంది తుపాకులు డిపాజిట్ చేయాల్సి వస్తుంది. ఇచ్చేముందు పొడిగా తుడిచి నూనె పట్టించండి. వెనక్కి తెచ్చుకున్న రోజే తీసి చూడండి. గొట్టంలో నిలిచిన నూనెను పొడి చిందీతో లాగేయండి. ఎక్కడైనా గుంటలు పడ్డ తుప్పు కనిపిస్తే గరుకు కాగితం పట్టుకోకండి. తుడవడం వరకే ఇంటి పని. మరమ్మతు చేయాలంటే ఆయుధ చట్టం, 1959 ప్రకారం దానికి వేరే లైసెన్సు ఉండాలి, అది ఉన్నవాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి.